ఇల్లు కొనే ముందు మురుగు లైను ఎలా పరీక్షించాలి

విజయవాడలో ఇల్లు బేరానికి వస్తే దస్తావేజులు లాయరుకు చూపిస్తాం, ప్లాను వాస్తు తెలిసినవారికి చూపిస్తాం, గోడల బీటలు మేస్త్రికి చూపిస్తాం. నేల కింద ఉన్న మురుగు లైను మాత్రం ఎవరికీ చూపించం. గృహప్రవేశం అయ్యాక వచ్చే తొలి వానాకాలంలో బాత్‌రూమ్‌లో నీళ్లు ఎదురుతన్నినప్పుడు అది గుర్తుకొస్తుంది. మనిషిని పిలిచి వెదురు బద్దలు తోయిస్తే ఆ పూటకు దారి ఇస్తుంది. నెల తిరగకుండా మళ్లీ మొదటికే వస్తుంది.

ఈ విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటే. లైను ఒకసారి మూసుకుపోతే అడ్డంకి. అదే చోట పదే పదే మూసుకుపోతే లోపం. అడ్డంకిని తీయించవచ్చు. లోపాన్ని తవ్వి సరిచేయాలి, లేదా ఆ ఖర్చు లెక్కగట్టి ధర తగ్గించమని అడగాలి, కొన్నిసార్లు ఆ ఇల్లే వదులుకోవాలి. ఈ మూడింటిలో ఏది చేయాలో అడ్వాన్సు చేతులు మారకముందే తేల్చుకోవడానికి ఈ క్రమంలో వెళ్లండి.

1. నీళ్లు ఎటు పోతున్నాయో తేల్చుకోండి

ఇంటి మురుగు మూడు దారుల్లో ఒకదాన పోతుంది: కార్పొరేషన్ వేసిన భూగర్భ డ్రైనేజీకి, అంటే యూజీడీకి, లేదా ఇంటి సెప్టిక్ ట్యాంకుకు, లేదా నేరుగా వీధి పక్క సైడు కాలువకు. నగరమంతటా యూజీడీ లేదు. ఉన్న వీధిలో కూడా ఒక ఇంటికి కనెక్షన్ ఉండి పక్కింటికి లేకపోవచ్చు. అమ్మేవారు నిజాయితీగానే ‘మాకు యూజీడీ ఉందండీ’ అంటారు. వీధిలో లైను ఉండటం వేరు, ఈ ఇల్లు దానికి కలిసి ఉండటం వేరు. కనెక్షన్ తీసుకున్నప్పటి రసీదు అడగండి. దొరకకపోతే ఆ ఇంటి నంబరుతో వార్డు సచివాలయానికి వెళ్లి, ఇంజినీరింగ్ పనులు చూసే కార్యదర్శిని అడగండి.

కాగితంతో ఆగవద్దు. ఒక బకెట్టు నీళ్లలో బట్టలకు వేసే నీలిమందు చిక్కగా కలిపి మరుగుదొడ్డిలో పోయండి. ఆవరణలోని ఆఖరి చాంబర్, అంటే లైను చూడటానికి మూతతో కట్టిన చిన్న తొట్టి, దగ్గర ఒకరిని నిలబెట్టండి. నీలిరంగు అక్కడికి వచ్చి వీధి లైను వైపు వెళ్లిందా, సైడు కాలువలో తేలిందా, అసలు ఎక్కడా కనిపించలేదా? ఎక్కడా కనిపించకపోతే మధ్యలో మీకు చూపించని చాంబరో ట్యాంకో ఉంది, లేదా పైపు పగిలి నీళ్లు నేలలోకి ఇంకుతున్నాయి.

శివారు లేఅవుట్లలో ఎక్కువగా సెప్టిక్ ట్యాంకులే ఉంటాయి. ట్యాంకు ఉండటం తప్పు కాదు. మన నేలను బట్టి దానికి కొన్ని చిక్కులున్నాయి. డెల్టా నల్లరేగడి నీటిని త్వరగా పీల్చుకోదు. కాలువలకు నీళ్లు వదిలాక, వానలు పడ్డాక భూగర్భజలం పైకి వస్తుంది. ఇంకుడు గుంత ఉన్నా అప్పుడు దానిలోకి నీళ్లు దిగవు. అందుకే చాలామంది ట్యాంకు పొర్లు పైపును సైడు కాలువలోకి పెడతారు. తరువాత ఎప్పుడో ఆ కాలువను ఎత్తు పెంచి కొత్తగా కడతారు. పొర్లు పైపు నోరు కాలువ అడుగుకన్నా కిందికి వెళ్లిపోతుంది. అప్పటినుంచి ట్యాంకులోని నీళ్లు బయటకు పోవు, కాలువ నీళ్లే ట్యాంకులోకి వస్తాయి. కాబట్టి ఆ పైపు నోరు ఎక్కడుందో కళ్లారా చూడండి.

ట్యాంకు చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారో కూడా అడగండి. సరిగా కట్టిన ట్యాంకును ఒక కుటుంబం వాడుకుంటే రెండు మూడేళ్లకోసారి తోడిస్తే సరిపోతుంది. మూడు నెలలకోసారి వాహనాన్ని పిలుస్తున్నారంటే పొర్లు దారి మూసుకుపోయి ఉండాలి. తోడించిన రెండు మూడు రోజులకే మళ్లీ నిండుతుంటే బయటి నీరు లోపలికి వస్తోంది.

2. మట్టాలు కొలవండి

ఇళ్లు చూసేవారు దాదాపు ఎవరూ చేయని పని ఇది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా ఇదే.

పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ వచ్చారు. వన్‌టౌన్ సందుల్లో, సత్యనారాయణపురంలో, కృష్ణలంకలో వీధి నుంచి ఒకటి రెండు మెట్లు దిగి లోపలికి వెళ్లే ఇళ్లు కనిపిస్తాయి. ఆ మెట్లు కట్టినప్పుడు ఎక్కడానికి ఉండేవి. వీధి లైను నిండిపోయిన రోజున లోపలి నీరు మ్యాన్‌హోల్ మూత దాకా పైకి లేస్తుంది. మీ బాత్‌రూమ్ నేల ఆ మూతకన్నా ఎత్తుగా ఉంటే నీరు వీధిలోనే పొంగుతుంది. నేల తక్కువలో ఉంటే వీధిలో చుక్క కనిపించకముందే మీ నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్లు పోయే జాలీ రంధ్రం, నుంచి పైకి వస్తుంది. నీరు ఎప్పుడూ అందరికన్నా పల్లంలో ఉన్న నోటినే వెతుక్కుంటుంది. మీ ఇంటి పైపులు ఎంత శుభ్రంగా ఉన్నా ఇది ఆగదు.

కొలవడానికి తాపీ మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల ట్యూబు చాలు. ట్యూబులో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను వీధి మ్యాన్‌హోల్ మూత దగ్గర, రెండో కొసను బాత్‌రూమ్ గుమ్మం దగ్గర నిలువుగా పట్టుకోవాలి. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. నీటి మట్టం నుంచి మూత దాకా ఎంత, బాత్‌రూమ్ నేల దాకా ఎంత అని టేపుతో కొలవండి. మూత దగ్గర మూడు అడుగులు, బాత్‌రూమ్ దగ్గర మూడున్నర అడుగులు వచ్చాయనుకోండి: మీ నేల వీధి మూతకన్నా అర అడుగు పల్లంలో ఉంది. ఇలాంటి ఇంటికి, నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పెట్టించవచ్చు. అయితే అది మూసుకున్నంతసేపు మీ ఇంటి నీళ్లు కూడా బయటకు పోవు. పై అంతస్తులో ఎవరైనా స్నానం చేస్తే ఆ నీళ్లు కింది అంతస్తులోనే తేలుతాయి. వాల్వులో చెత్త చిక్కుకోకుండా తరచూ శుభ్రం చేయిస్తూ ఉండాలి.

ట్యూబు చేతిలో ఉండగానే లోపలి వాలు కూడా చూడండి. నాలుగు అంగుళాల పైపుకు పది అడుగులకు మూడు అంగుళాలు, ఆరు అంగుళాల పైపుకు పది అడుగులకు రెండు అంగుళాలు వాలు ఉండాలన్నది పాతకాలం నుంచి పాటిస్తున్న లెక్క. వెనకవైపు బాత్‌రూమ్ నుంచి వీధి చాంబర్ దాకా అరవై అడుగులుంటే నాలుగు అంగుళాల లైనుకు పద్దెనిమిది అంగుళాలు, ఆరు అంగుళాల లైనుకు పన్నెండు అంగుళాలు దిగాలి. మొదటి చాంబర్‌లోనూ ఆఖరి చాంబర్‌లోనూ పైపు అడుగు ఎంత లోతులో ఉందో ఇదే ట్యూబుతో పోల్చి చూడండి. పెరట్లో తరువాత ఎప్పుడో కట్టిన బాత్‌రూమ్‌లకు ఈ వాలు దొరకదు. నీళ్లు పోతాయి, వాటితో పోవలసినది అడుగున మిగిలిపోతుంది. ఏ మందు పోసినా వాలు పెరగదు.

మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ వైపు కొండవాలు ఇళ్లకు వాలు కొరత ఉండదు. అక్కడ అడగాల్సింది, పై ఇళ్ల లైను మీ ఆవరణ గుండా వెళ్తోందా, మీది మరొకరి స్థలం గుండా వెళ్తోందా అని. వెళ్తుంటే ఆ హక్కు దస్తావేజులో రాసి ఉందో లేదో లాయరును చూడమనండి.

3. చాంబర్లు తెరిపించండి

ఇంటికి వెళ్లే ముందు ‘అన్ని చాంబర్లు తెరిచి చూస్తాం’ అని చెప్పండి. ‘ఎక్కడున్నాయో తెలియదండీ’ అన్నా, మూతల మీద టైల్స్ పరిచేసి ఉన్నా, ఆ ఇంటి మీద అనుమానం ఉంచుకోవడమే మంచిది.

ఒక మాట ముందే చెప్పాలి. సెప్టిక్ ట్యాంకులోకి గాని, మ్యాన్‌హోల్‌లోకి గాని మీరు దిగవద్దు, ఎవరినీ దించవద్దు. అడుగున పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. ఒకరిని కాపాడబోయి మరొకరు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన దేశంలో ఎన్నో జరిగాయి. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దించి శుభ్రం చేయించడం నేరం, పనికి పెట్టినవారికి జైలు శిక్ష పడవచ్చు. మీథేన్ కూడా ఉంటుంది కాబట్టి అగ్గిపుల్ల వెలిగించి చూడవద్దు. మూత తీసి కాసేపు గాలి ఆడనిచ్చి, పైనుంచే టార్చితో చూడండి. వీధి మ్యాన్‌హోళ్లు కార్పొరేషన్ సిబ్బంది తెరవాల్సినవి, వాటి జోలికి వెళ్లవద్దు.

ఇప్పుడు చాంబర్ గోడలు చూడండి. అడుగున సగం గొట్టంలా చెక్కిన దారి ఉండి, నీరు ఆ దారి మీదనే పారుతుండాలి. గోడ మీద జానెడు ఎత్తున నల్లటి చార ఉంటే నీరు అంతవరకు వచ్చి నిలిచిందని అర్థం. చార పైన మూత దగ్గర కూడా మురికి అంటి ఉంటే చాంబర్ పొంగి పొర్లింది. నిన్ననే శుభ్రం చేయించినా ఆ చార సులభంగా పోదు. గోడలకు కొత్తగా సిమెంటు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి.

అడుగున ఏముందో చూస్తే కారణం సగం తెలుస్తుంది. ఇసుక, మట్టి పేరుకుని ఉంటే ఎక్కడో పైపు కీలు విడిపోయి చుట్టుపక్కల మట్టి లోపలికి వస్తోంది. పీచులాంటి సన్నటి వేళ్లు కనిపిస్తే చెట్టు ఉన్న చోట కీలు తెరుచుకుంది. రెండు అడుగుల పొడవు స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపు ముక్కలను సిమెంటుతో అతికిస్తూ వేసిన పాత లైన్లలో కీళ్లు ఎక్కువ. ఆ తడి కోసం రావి, మర్రి, వేప వేళ్లు వెతుక్కుంటూ వస్తాయి. వేళ్లను కోయిస్తే మళ్లీ పెరుగుతాయి, ఆ ముక్క మార్చి కొత్త పైపు వేయడమే మార్గం. తెల్లగా గట్టిపడిన జిడ్డు వంటింటి లైనుది. నూనె, గంజి, చింతపండు పిప్పి కలిసి పైపు లోపల పూతలా పట్టుకుంటాయి. బూడిద రంగులో రాయిలా గట్టిపడి ఉంటే అది సిమెంటు: టైల్స్ పని చేసినవారు మిగిలిన సిమెంటు నీళ్లను నహానీ ట్రాప్‌లో పోసి కడిగేశారు. అమ్మడానికని ఈమధ్యే బాత్‌రూమ్‌లకు మెరుగులు దిద్దించిన ఇళ్లలో దీనికోసం ప్రత్యేకంగా చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచెత్తిన అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వైపు కొనేవారు మరొకటి అడగాలి: వరద తగ్గాక చాంబర్లలో, ట్యాంకులో చేరిన ఒండ్రు తీయించారా? పైన ఇల్లంతా కడిగించి రంగులు వేయించి, లైనులోని ఒండ్రును అలాగే వదిలేసి ఉండవచ్చు.

రెండు చాంబర్ల మధ్య లైను తిన్నగా ఉందా అన్నది ఇంజినీర్లు చేసే అద్దం పరీక్షతో తెలుస్తుంది. దానికి మీ ఫోను టార్చి చాలు. నీళ్ల వాడకం ఆపించి, ఒక చాంబర్‌లో పైపు నోటి దగ్గర టార్చిని కర్రకు కట్టి దించండి. రెండో చాంబర్‌లో పైపు నోటికి ఎదురుగా చిన్న అద్దాన్ని ఏటవాలుగా దించి పైనుంచి చూడండి. నిండు చంద్రుడిలా గుండ్రటి వెలుగు కనిపిస్తే లైను తిన్నగా ఉంది. పైన సగం వెలుగే కనిపించి కింద చీకటిగా ఉంటే మధ్యలో పైపు కుంగి నీళ్లు నిలిచాయి. వెలుగే రాకపోతే లైను వంకర తిరిగింది, లేదా పూడుకుపోయింది.

కుంగడానికి మన నేలే పెద్ద కారణం. నల్లరేగడి వానలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. ఇల్లు లోతైన పునాది మీద నిలబడుతుంది, ఆవరణలో పైపు మాత్రం వదులు మట్టి మీద పడుకుని ఉంటుంది. రెండూ ఒకేలా కదలవు కాబట్టి పైపు గోడ దాటి బయటకు వచ్చే చోటే ముందు విరుగుతుంది. పొలాలను, గుంటలను మెరక చేసి వేసిన లేఅవుట్లలో మెరక మట్టి కొన్ని వానాకాలాలపాటు దిగుతూనే ఉంటుంది. కింద ఇసుక పరిచి, దిమ్మిస కొట్టి పైపు వేశారా అని కట్టిన మేస్త్రినే అడగగలిగితే అడగండి. మే నెలలో విరిగిన పైపు ఆగస్టులో బయటపడుతుంది. వీలుంటే ఇంటిని జూలై, అక్టోబరు మధ్య, అదీ గట్టి వాన కురిసిన మర్నాడు చూడండి.

4. అన్ని చోట్లా ఒకేసారి నీళ్లు వదలండి

ఒక్క బకెట్టు నీళ్లకు ఏ లైనైనా దారి ఇస్తుంది. ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ తిప్పి, ఫ్లష్‌లన్నీ నొక్కి, పావుగంటసేపు నీళ్లు పోనివ్వండి. అందరికన్నా కింద ఉన్న నహానీ ట్రాప్ దగ్గర నిలబడి వినండి. గుడగుడమని చప్పుడు వచ్చినా, నీరు కొద్దిగా పైకి వచ్చి దిగినా, ముందు దారి ఇరుకైందని గానీ గాలి గొట్టం లేదని గానీ అర్థం. పైన రెండు అంతస్తులు తరువాత వేసి, కింద ఒక కుటుంబం కోసం వేసిన లైనునే ఉంచిన ఇళ్లు ఇక్కడే దొరికిపోతాయి. హాస్టల్‌గా నడిపిన ఇళ్లు కూడా అంతే. వాన నీటి గొట్టాన్ని మురుగు చాంబర్‌లో కలిపారేమో కూడా ఇప్పుడే చూడండి: డాబా మీద పది బకెట్లు కుమ్మరించి చాంబర్‌లో నీరు పెరిగిందేమో గమనించండి.

ఆ నీళ్లు పారుతుండగా ఇల్లంతా ఒకసారి తిరగండి. గోడకు చేరవేసిన వెదురు బద్దలు, బాత్‌రూమ్ మూల యాసిడ్ సీసాలు, నహానీ ట్రాప్ మీద కుక్కిన గుడ్డ దాని మీద బరువుకు పెట్టిన ఇటుక, గడప పక్కన కొత్తగా కట్టిన సిమెంటు గట్టు, తాళం వేసి వాడకుండా వదిలేసిన కింది బాత్‌రూమ్. వీటిలో ఏ రెండు కనిపించినా తరువాతి ప్రశ్నలు ఇంకా గట్టిగా అడగాలి.

5. ఎప్పుడు, ఎక్కడ అని అడగండి

‘డ్రైనేజీ సమస్య ఉందా?’ అని యజమానిని అడిగితే ‘లేదు’ అనే వస్తుంది. కింది వాటాలో అద్దెకున్నవారిని, పక్కింటివారిని, వీధి మొదట్లో ఇస్త్రీ బండి నడిపేవారిని అడగండి. ‘అమ్మా, చివరిసారి లైను తీయడానికి ఎవరు వచ్చారు? ఎక్కడ తెరిచారు?’ అంటే సమస్య ఉందా లేదా అన్న చర్చ లేకుండానే జవాబు వస్తుంది. వచ్చిన ప్లంబర్ పేరు తెలిస్తే అతనితోనే మాట్లాడండి. ఆ ఇంటి లైను గురించి అతనికి తెలిసినంత యజమానికి కూడా తెలియదు.

జవాబులను ఇలా చదవండి. ఎప్పుడూ ఒకేచోట ఆగుతుంటే ఆ చోట పైపు కుంగింది, విరిగింది, లేదా వేళ్లు చేరాయి. వానలప్పుడే ఆగుతుంటే వీధి లైను నిండుతోంది, వాన నీరు కలుస్తోంది, లేదా ఇంటి మట్టం తక్కువ. పండుగలకు, చుట్టాలు వచ్చినప్పుడు ఆగుతుంటే పైపు సైజో, వాలో, ట్యాంకో చాలడం లేదు. వంటిల్లు ఒక్కటే ఆగుతుంటే జిడ్డు, ఇది తేలికైన సమస్య. వీధిలో అందరికీ ఒకేరోజు ఆగుతుంటే లోపం మీ ఇంటిది కాదు, మీరు ఒక్కరే సరిచేయగలిగేది కూడా కాదు.

6. అపార్ట్‌మెంట్ అయితే

పై అంతస్తుల గొట్టాలన్నీ కిందికి దిగి పార్కింగ్ కింద అడ్డ లైనులో కలుస్తాయి. అక్కడ ఆగితే ముందు ఎదురుతన్నేది మొదటి అంతస్తు ఫ్లాట్‌లోనే. కాబట్టి మీరు నాలుగో అంతస్తు కొంటున్నా మొదటి అంతస్తువారిని అడగండి. తరువాత అసోసియేషన్ జమాఖర్చుల పుస్తకం చూపించమనండి. డ్రైనేజీ శుభ్రతకు ఏడాదిలో ఎన్నిసార్లు డబ్బు ఇచ్చారో అందులో ఉంటుంది. కొత్త ఫ్లాట్ రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, కింద నమోదైన ప్రాజెక్టులోదైతే, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు పనితనంలో, సేవల్లో బయటపడ్డ లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సింది బిల్డరే. ఫిర్యాదు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఇవ్వండి.

7. కెమెరాతో చూపించి, బేరం తేల్చుకోండి

పై పరీక్షల్లో ఎక్కడైనా అనుమానం వస్తే పైపులోకి కెమెరా పంపించి చూపించే వారిని పిలవండి. లైను శుభ్రం చేయించిన వెంటనే, నీళ్లు కొద్దిగా పారుతుండగా పంపమనండి. కెమెరా నీళ్లలో మునిగి మళ్లీ తేలిందంటే అక్కడ పైపు కుంగింది. ఏ చాంబర్ నుంచి ఎన్ని అడుగుల దూరంలో లోపం ఉందో రాయించుకుని, వీడియో మీ దగ్గర ఉంచుకోండి. బేరంలో దానికి ఎదురు చెప్పడం కష్టం.

ఆవరణలో పైపు విరిగినా, కుంగినా, వేళ్లు పట్టినా నేనైతే భయపడను. తవ్వి, ఇసుక పరుపు మీద కొత్త పీవీసీ లైను సరైన వాలుతో వేస్తే ఆ సమస్య పోతుంది. ఆ ఖర్చుకు ఇద్దరు మేస్త్రీలతో అంచనా వేయించి ధరలోంచి తీసేయమని అడగండి. లైను పడకగదుల కింద నుంచి వెళ్తుంటే ఫ్లోరింగ్ ఖర్చు కూడా కలపండి. ఇంటి నేల వీధి మూతకన్నా పల్లంలో ఉండి, వానలప్పుడు ఆ వీధి అంతా పొంగుతుంటే మాత్రం నేల ఎత్తు పెంచే స్తోమత, ఉద్దేశం లేనివారు ఆ ఇల్లు కొనవద్దు. ధర ఎంత తగ్గించినా కొనవద్దు.

బేరం కుదిరితే, లైనులో తెలిసిన లోపాలేమిటో, వాటిని ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారో అగ్రిమెంటులో రాయించండి. మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారికి కనబడని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ అంటోంది. ‘నాకు తెలియదు’ అనే వీలు లేకుండా చేసేది ఆ రాతే. మరమ్మతు అమ్మేవారే చేయిస్తానంటే, గుంత పూడ్చకముందు మీరు వెళ్లి పైపు వాలు చూసి ఫోటోలు తీసుకోండి. పూడ్చాక మళ్లీ అన్ని కుళాయిలూ తిప్పి పావుగంట నీళ్లు వదలండి. చాంబర్లు, పైపు దారి, లోతులు గుర్తించిన చేతిగీత పటం ఒకటి వారి సంతకంతో తీసుకుని, ఆ తరువాతే రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి.